సెకనుకు ఎన్ని

షట్టర్ సగం దించి
మట్వాడ రోడ్డు చప్పుడు సగం తగ్గించి
రాత్రి తొమ్మిదిన్నరకు మొదలువెడత.
పొద్దంత పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించిన బల్ల మీద
ఇప్పుడొక జానెడు హమాలీ.
లోపట రాగితీగ, పైన మైనం మట్టి,
నెత్తికి ఎర్ర రుమాలు ముక్క,
వీపు మీద అగ్గిపెట్టెంత బస్తా.
అండ్ల అసలు మిరప గింజలే పోసి కుట్టిన.
కుట్టిన నాడు తుమ్మి తుమ్మి
మూడు ఫొటోలు కదిలిపోయినయ్.

కాంటా కాడికెల్లి లారీ దాక వాడు నడవాలె.
గంతే సినిమా, ఒక్క నిమిషం.

సెకనుకు ఇరవై నాలుగైతే
పద్నాలుగు వందల నలభై సార్లు వాణ్ని ముట్టుకోవాలె.
పన్నెండైతే ఏడు వందల ఇరవై.
ఎనిమిదైతే నాలుగు వందల ఎనభై.
మా ఫొటో షీటుకు పడేటియి కూడ ఎనిమిదే!
షీటుకో సెకను, అరవై షీట్లు,
ఒక్కడే మనిషి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి ముందుకు.
లెక్క మస్తు ముద్దొచ్చింది, చేసి చూసిన.
వాడు నడవలే. వణికిండు,
చలిజరం వచ్చినోని తీరు.

ఇరవై నాలుగు కూడ చూసిన.
రాత్రికొక సెకను. పది రాత్రులు.
చెరువుల తెప్ప జారినట్టు జారిపోయిండు.
ఎంత సాఫుగ నడిచిండంటే
బస్తాల ఏం లేదని తెలిసిపోయింది.

శనివారం పొద్దుగాల అసలు హమాలీ వచ్చిండు.
పేరు ఓదెలు, ఎనుమాముల యార్డు,
గుర్తింపు కార్డుకు నాలుగు కాపీలు.
అంగి నిండ మిర్చి ఘాటు,
దిగేటాయన మంచిగనే ఉన్నడు, తీసేటిదాన్ని నేను ఏడుస్తున్న.
రెప్ప కొట్టకే అన్న. కొట్టిండు.
మళ్ల తీసిన. మళ్ల కొట్టిండు.
"దుమ్ముల బతికెటోల్లం,
రెప్ప కొట్టకుంటె కండ్లుంటయా బిడ్డా!"

కాంటా నుంచి లారీకి ఎన్ని అడుగులని అడిగిన.
"అడుగులెవలు లెక్కవెడ్తరే, బస్తాలు లెక్కవెడ్తం."
అప్పుడు బల్ల మీద బొమ్మ కనవడ్డది.
శానసేపు చూసిండు.
చిటికెన వేలుతోని బస్తాను జెర పైకి జరిపిండు,
నడుము మీద కాదట, మెడ కింద ఆనాలెనట.
రెండు వందల ఫొటోల వరస ఖరాబైంది.
నోరు మూసుకున్న.

లైటు స్టాండు పడకుండ పెట్టిన ఇసుక మూటలు
రెండు వీపుకెత్తుకున్నడు.
తలుపు కాడికెల్లి నీలం తెర దాక నడిచి చూపెట్టిండు.
కాలు గబుక్కున పడ్తది.
పడ్డంక ఆగుతది.
ఆగిన కాడనే బరువంత
మోకాలుకు, మడమకు, బండకు దిగుతది,
దిగినంకనే రెండో కాలు లేస్తది.
"కాలు గాలిల ఉన్నప్పుడు బరువు యాదికుండదు.
నేల మీద వెడ్తె అప్పుడు ఎరుకైతది.
అట్లని నిలవడొద్దు, ఎనకోడు గుద్దుతడు."

ఆ రాత్రి పన్నెండు పెట్టుకున్న.
లేచే కాలుకు ఒక్క ఫొటో.
పడ్డ కాలుకు మూడు,
మూడు ఒక్క తీరువే, నేను చెయ్యి వెట్టనియి.
ఆ చెయ్యి వెట్టని కాడనే
వాడు రొప్పినట్టు కనవడ్డది.

నడుమ కరెంటు పోయింది.
ఒక కాలెత్తుకొని చీకట్ల అరగంట నిలవడ్డడు.
ఆ అరగంట సినిమాల ఉండది.

ఇగ తిరుగు తొవ్వ ఉన్నది.
బస్తా దించి, ఉత్త వీపుతోని
లారీ కాడికెల్లి కాంటాకు, ఎనిమిది సెకన్లు.
గా ఎనిమిది మాత్రం ఇరవై నాలుగే.
నూటా తొంభై రెండు సార్లు ముట్టుకుంట,
ఎన్ని రాత్రులు పోతె పోనీ,
జారనీ వాణ్ని.

ఓదెలు నాలుగు కాపీలు తీస్కపోయిండు.
షీటుల మిగిలిన నాలుగు
బల్ల ముంగట గోడకు వరసగ అతికించిన.
పన్నెండు లెక్కన సెకనుల మూడో వంతు.
నాలుగిట్ల ఒక్క తీరుగనే ఉన్నడు,
రెప్ప సగం దిగి.